వినికిడి నుండి ఎరుకకు

ఈ నెల మన శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి యానాం అగ్రహారం నుండి వచ్చినది. పేరు ప్రకటించవద్దని వ్రాసినవారు కోరారు. కనుక అగ్రహారం అక్కగారు అని పిలుచుకుందాము. ఉత్తరం పొడవైనది. సారాంశం మాత్రం ఇక్కడ చెబుతాను.

అక్కగారికి డెబ్బై దాటినవి. పుట్టిన నెలలోనే యానాం పునీత అన్నమ్మ గుడిలో జ్ఞానస్నానము, అక్కడే పెండ్లి. ఆదివారం పూజ మానిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చునట. పొద్దుగూకగానే జపమాల, తపస్సు కాలంలో సిలువమార్గము, వీలైన ఏడు గుణదల యాత్ర. భర్త పోయి తొమ్మిదేళ్ళయినది. రెండవ కుమారుని దగ్గర ఉంటున్నారు. ఆ కుమారుడు చాలా ఏళ్ళు తాగుడుకు అలవాటుపడినవాడు. యానాంలో మందు చవక అన్న సంగతి చుట్టుపట్ల ఊళ్ళన్నిటికీ తెలిసినదే. ఆ చవకకు ఎన్ని ఇళ్ళు ఎంత ఖరీదు చెల్లించినవో యానాం ఆడవారికి తెలుసు.

రెండేళ్ళ క్రిందట ఒక స్నేహితుడు అతన్ని పొరుగూరిలోని ఒక ప్రార్థన మందిరానికి తీసుకొనిపోయాడు. అక్కడ పాటలు పాడారు, అతని తల మీద చేతులుంచి ప్రార్థించారు. అతడు తాగుడు మానివేశాడు. సంపాదన ఇంటికి వస్తున్నది. కోడలు నిశ్చింతగా నిద్రపోతున్నది. ఇంతవరకు సంతోషమే. ఇప్పుడు కుమారుడు తల్లితో అంటున్న మాట ఇది: "అమ్మా, నీకు ఆచారాలు తెలుసు గాని ప్రభువు తెలియదు. ఆయన నీకు స్వయంగా పరిచయం కాలేదు. మళ్ళీ బాప్తిస్మం తీసుకో. ఆ జపమాల, అన్నమ్మ పటం తీసివెయ్యి." ఈస్టరు లోపల ఏ సంగతీ చెప్పమన్నాడు.

అక్కగారు కోపంతో వ్రాయలేదు, అదే నన్ను కదిలించినది. "వాడు అబద్ధం చెబుతున్నాడని అనలేకుండా ఉన్నాను. నేను ఇన్నేళ్ళు చెప్పిన జపాలు వాడి చేతిలోని సీసాను విడిపించలేదు. వాళ్ళ పాట విడిపించినది. నాకు ఏనాడూ ఏ స్వరమూ వినబడలేదు. గుడిలో కన్నీరు కూడా రాలేదు. నేను ఇన్నాళ్ళూ ఎరిగినది దేవుణ్ణా, లేక దేవుని గురించిన వినికిడినా?" అని అడిగారు.

మన పత్రిక చదివే కుటుంబాలలో అన్ని మతాలవారూ ఉన్నారు. అయినా ఇది కతోలికుల ఇంటి ప్రశ్న మాత్రమే కాదు. పెద్దలు చేసిన పూజ చేస్తూ, వారు చెప్పిన శ్లోకం చెబుతూ, ఒకనాడు హఠాత్తుగా "నాకు నిజంగా ఏమి తెలుసు?" అని ఆగిపోయినవారు ప్రతి ఇంటా ఉంటారు. కనుక అందరూ చదవవలసిందని మనవి.

మొదట కుమారుని ప్రశ్నను గౌరవిద్దాము. అది తప్పుడు ప్రశ్న కాదు. బైబిలులోనే దానికి తావున్నది. సమూవేలు అనే బాలుని కథ చాలామంది విన్నదే. తల్లి మొక్కుకొని కన్న బిడ్డ. పాలు మానగానే దేవాలయంలో సేవకు అప్పగించింది. దీపం దగ్గర పడుకునేవాడు, తలుపులు తెరిచేవాడు, ముసలి యాజకుడు ఏలీకి చేతికర్రగా ఉండేవాడు. అంత సేవ చేస్తున్నా ఆ పిల్లవానికి దేవుడు ఇంకా తెలియదని గ్రంథం స్పష్టంగానే చెబుతుంది. రాత్రి తన పేరు పిలువబడితే ముసలాయన పిలిచాడనుకొని మూడుసార్లు పరుగెత్తాడు. గుడిలో ఉండటం వేరు, గుడిలోని దేవుణ్ణి ఎరగటం వేరు అన్నమాట పాతదే.

కాని ఆ కథలో రెండవ సగం ఉన్నది. పిలుపు వచ్చినప్పుడు సమూవేలు ఎక్కడ ఉన్నాడు? ఆ గుడిలోనే, ఆ దీపం దగ్గరే. ఆ పిలుపును ఎలా అందుకోవాలో నేర్పినది ఎవరు? చూపు మందగించిన ఆ పాత యాజకుడే. అలవాటుగా చేసిన సేవ అతన్ని పిలుపుకు దూరం చేయలేదు. వినబడే చోటనే ఉంచింది. కుమారుని ప్రశ్న న్యాయమైనది గాని, "కనుక నీ జపమాల పారవెయ్యి" అన్న తీర్పు తొందరపాటుది.

ఇక యానాం సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఫ్రెంచివారు అక్కడ 1723లో వర్తక స్థానము పెట్టారు. పునీత అన్నమ్మ దేవాలయ నిర్మాణము 1846లో పూర్తయినది. పని మొదలుపెట్టిన గురువుగారు 1836లోనే కన్నుమూశారు. అంటే పునాది వేసినవారు ఆ గుడిలో పూజ చెప్పలేదు. ఒకరు మొదలుపెట్టినది మరొకరు పూర్తి చేయటం విశ్వాసం విషయంలో కొత్త కాదు.

ఆ రోజులలో, ఆ తరువాత నూరేళ్ళకు పైగా, పూజ లాటిను భాషలోనే జరిగేది. గురువుగారు పీఠం వైపు తిరిగి మెల్లగా చెప్పుకొనేవారు. వెనుక కూర్చున్న అమ్మలు జపమాల త్రిప్పుకొనేవారు. చదువు రాని తల్లులు వినికిడి మీదనే జపాలు నేర్చుకొని బిడ్డలకు నేర్పారు. సత్యోపదేశము ప్రశ్న, జవాబు రూపంలో కంఠస్థం చేయించేవారు. బైబిలు చేతికి తీసుకొని చదువుకొనే అలవాటు సామాన్య కతోలిక ఇళ్ళలో తక్కువ.

1954 నవంబరు 1న యానాం పరిపాలన ఫ్రెంచివారి నుండి మన దేశానికి వచ్చినది. చట్టప్రకారం పూర్తి విలీనము 1962 ఆగస్టు 16న జరిగినది. దాదాపు రెండు నెలలకు, 1962 అక్టోబరు 11న, రోములో రెండవ వాటికన్ మహాసభ ఆరంభమయినది. 1963 డిసెంబరు 4న ఆ సభ పూజాకర్మలలో ప్రజల భాషలకు దారి తెరిచింది. 1965 నవంబరు 18న వెలువడిన మరొక శాసనము గ్రంథపఠనము విశ్వాసులందరికీ అవసరమని గట్టిగా చెప్పినది. అక్కగారి తరం పిల్లలు జెండా మారటమూ చూశారు, గుడిలో భాష మారటమూ చూశారు. భాష మారినంత వేగంగా అలవాటు మారదు. తెలుగులో పూజ వచ్చినది గాని, తెలుగులో దేవునితో సొంత మాటలాడే అలవాటు అన్ని ఇళ్ళకూ రాలేదు. అక్కగారి లోటు ఏదైనా ఉంటే అది ఇక్కడ ఉన్నది. ఆమె భక్తిలో లేదు.

ఇక్కడ మాట వచ్చినది కనుక ఒక చిన్న విశేషము. కుమారుడు వెళ్ళే మందిరములలో దేవుణ్ణి "నీవు" అంటారు. తెలుగు కతోలికులు పరలోక జపములోనూ, మంగళవార్త జపములోనూ "మీరు" అంటారు. వినేవారికి మొదటిది దగ్గరగా, రెండవది దూరంగా తోచవచ్చును. కాని అక్కగారూ, మీరు మీ భర్తగారిని ఎలా పిలిచేవారు? మన వైపు ఆ తరం ఇల్లాళ్ళందరిలాగే "ఏమండీ" అనీ "మీరు" అనీ కదా? పేరైనా పెట్టి పిలిచి ఉండరు. అంతమాత్రాన ఆయన మీకు పరిచయం లేనివారా? ఆయన దగ్గు విని జబ్బు చెప్పగలిగినది ఎవరు? గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడును బట్టి ఆ రోజు పని ఎలా జరిగినదో గ్రహించినది ఎవరు? తెలుగులో "మీరు" అన్న మాట గౌరవానికే గాని దూరానికి గుర్తు కాదు.

అదే విధంగా "నీవు" అన్నంత మాత్రాన చనువు రాదు. కంచెర్ల గోపన్న గోలకొండ చెరసాలలో రాముణ్ణి నిలదీసినప్పుడు ఆ "నీ" వెనుక ఏళ్ళ తరబడి ఓర్చిన బాధ ఉన్నది. ఆ బాధ లేకుండా మాట ఒకటే అరువు తెచ్చుకొంటే అది నాటకంలో సంభాషణ అవుతుంది. కుమారుడు తన బాధలో నుండి "నీవు" అంటున్నాడు, అది అతనికి చెల్లును. తల్లి తన మర్యాదలో నుండి "మీరు" అంటున్నది, అదీ చెల్లును.

మరి స్వరం వినబడలేదు, కన్నీరు రాలేదు అన్న దిగులు మాటేమిటి? ఇది చాలామందిని బాధించే సంగతి. కనుక దీని దగ్గర కొంచెం నిలుద్దాము.

స్పెయిను దేశపు అవిలా తెరెసమ్మ (1515–1582) ప్రార్థన విషయంలో లోకానికి గురువుగా ఎంచబడిన సన్యాసిని. 1970లో ఆమెను తిరుసభ పండితురాలిగా ప్రకటించారు. ప్రార్థనను స్నేహితుల ఏకాంత సంభాషణతో పోల్చి చెప్పినది ఆమే. అటువంటి ఆమె కూడా ఏళ్ళ తరబడి ప్రార్థనలో ఎండిపోయినట్లు ఉండేదనీ, ఎప్పుడు గంట కొడతారా అని చెవి అటే ఉండేదనీ, చేతిలో పుస్తకం లేకుంటే మనసు నిలిచేది కాదనీ తన జీవిత కథలో దాపరికం లేకుండా వ్రాసుకొన్నది.

మన కాలంలోనే కలకత్తా మదర్ తెరెసాగారిని చూడండి. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగు వెళ్ళే రైలులో ఆమెకు పేదల మధ్యకు పొమ్మన్న పిలుపు అందినది. ఆ తరువాత, దాదాపు జీవితాంతము, లోపల చీకటి. దేవుని సాన్నిధ్యము తోచటం లేదని ఆమె తన ఆత్మ గురువులకు వ్రాసుకొన్న ఉత్తరాలు ఆమె మరణించిన పదేళ్ళకు, 2007లో, పుస్తకంగా వచ్చినప్పుడు లోకం ఆశ్చర్యపోయినది. అయినా తిరుసభ ఆమెను 2016 సెప్టెంబరు 4న పునీతురాలిగా ప్రకటించినది. చీకటి ఉన్నదని తెలిసే ప్రకటించినది. ఎందుకంటే అన్ని ఏళ్ళూ ఆమె రోజూ తెల్లవారుజామున లేచి ప్రార్థనకు వెళ్ళినది, అక్కడి నుండి రోగుల దగ్గరకు వెళ్ళినది. ఇష్టుడైనవాని ఇంటికి, ఆయన పలికినా పలుకకపోయినా, రోజూ వెళ్ళే మనిషికి ఆయన తెలియదని ఎవరనగలరు?

కన్నీరు దేవుడిచ్చే వరమే. కాదనము. తాగుడు విడిచిన కుమారునికి ఆ పాటలో వచ్చిన కన్నీరు నిజమైనదే. వాన కురిస్తే పంట పండుతుంది. కాలువ నీటితోనూ పండుతుంది. గోదావరి డెల్టా రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. వాన చప్పుడు చేస్తుంది, కాలువ చేయదు.

సువిశేషములో మరొక విచిత్రం ఉన్నది. కడపటి తీర్పు గురించి యేసు చెప్పిన ఉపమానములో పుణ్యాత్ములు తెల్లబోతారు. ఆకలిగొన్న మిమ్ములను మేము ఎప్పుడు చూశాము, ఎప్పుడు అన్నం పెట్టాము అని అడుగుతారు. అంటే వారు ఆయన్ను కలుసుకొన్నారు, సేవించారు, కాని కలుసుకొన్నట్లు వారికే తెలియదు. తాగి వచ్చి వాకిట్లో పడిన కుమారుని బూట్లు విప్పి, ముఖం కడిగి, దుప్పటి కప్పిన తల్లి ఎన్ని రాత్రులు ఎవరి ముఖం కడిగినదో ఆమెకు తెలియకపోవచ్చును.

"నా జపాలు వాడిని విడిపించలేదు" అన్నారు కదా. పునీత మోనికమ్మ తన కుమారుడు అగస్టీను కోసం ఏళ్ళ తరబడి ఏడ్చి ప్రార్థించినది. చివరకు అతన్ని మార్చినవి మిలాను పీఠాధిపతి అంబ్రోసుగారి ప్రసంగాలు, స్నేహితులు, ఒక తోటలో వినిపించిన పిల్లవాని గొంతు. 387లో ఈస్టరు వేళ జ్ఞానస్నానం ఇచ్చినది కూడా అంబ్రోసుగారే. తల్లి చేతితో ఏదీ జరగలేదు. అయినా ఆమె కన్నీరు వృథా అని పదహారు వందల ఏళ్ళలో ఎవరూ అనలేదు. ప్రార్థన చేసినవారొకరు, ఫలితం చేతికందించినవారు మరొకరు కావచ్చును. ఆ మందిరంవారికి కృతజ్ఞత చెప్పటానికి మీరు సంకోచించనక్కరలేదు.

అగ్రహారం అన్న పేరులోనే మనకు కావలసిన పాఠం ఒకటున్నది. పూర్వం రాజులు వేదవిదులైన బ్రాహ్మణులకు దానంగా ఇచ్చిన భూములనూ గ్రామాలనూ అగ్రహారములు అన్నారు. పొందినవారు దానికి వెల కట్టలేదు. వారి బిడ్డలకు అది పుట్టుకతో వచ్చినది. కాని పుట్టుకతో వచ్చిన భూమి కూడా దున్నకపోతే బీడే. తాతగారి పేరున దానశాసనం ఉన్నదని వరి దానంతటది మొలవదు. అలాగని, వారసత్వంగా వచ్చిన పొలాన్ని పారవేసి, నేను స్వయంగా కొంటేనే అది నాదని అనేవాడు తెలివైనవాడా? పసితనంలో పొందిన జ్ఞానస్నానము అటువంటి దానము. కావలసినది రెండవ దానపత్రము కాదు, సొంత సేద్యము. తిరుసభ బోధ కూడా ఇదే. జ్ఞానస్నానము ఒక్కసారే. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ పేరట నీటితో సరిగా పొందినవారు మరొక సంఘం నుండి వచ్చినా కతోలిక సంఘం వారికి తిరిగి ఇవ్వదు. కనుక మళ్ళీ మునగటానికి మీరు ఒప్పుకోకపోవటం మొండితనం కాదు.

ఇక సేద్యం ఎలా? ఈ విషయంలో మన కోస్తా తీరానికి ఒక మంచి గురువుతో పాత సంబంధం ఉన్నది. పునీత ఫ్రాన్సిస్ దె సాలెస్ (1567–1622) జెనీవా పీఠాధిపతి, నివాసము అన్నెసీ పట్టణము. 1609లో ఆయన భక్తి జీవితం గురించి ఒక పుస్తకం ప్రకటించారు. అది సన్యాసుల కోసం వ్రాసినది కాదు. సంసారంలో ఉన్న ఒక ఇల్లాలికి వ్రాసిన సలహాల నుండి పుట్టినది. సిపాయికి, చేతిపనివానికి, వితంతువుకు, భార్యకు ఎవరి పనిని బట్టి వారి భక్తి ఉంటుందని ఆయన వాదన. ఆయన పేరున 1838లో అన్నెసీలో ఏర్పడిన ప్రేషిత సభకు 1845లో విశాఖపట్నం మిషనును అప్పగించారు. తెలుగు కోస్తాలో ఆ సభ గురువులు ఎన్నో తరాలు పనిచేశారు. ఆ మార్గములోనివీ, మరి కొందరు పెద్దలు చెప్పినవీ కలిపి, ఇంటి పని చెడకుండా చేయదగిన నాలుగు సంగతులు చెబుతాను.

మొదటిది జపమాల. మానవద్దు, వేగం తగ్గించండి. ఒకరోజున ఒక్క దేవరహస్యమే తీసుకొన్నా తప్పులేదు. పదిసార్లు మంగళవార్త చెబుతున్నంత సేపూ ఆ ఒక్క దృశ్యాన్నే చూస్తూ ఉండండి. కానా పెండ్లి విందులో ద్రాక్షరసం అయిపోయినదని మొదట గమనించినది ఎవరు? మరియమ్మ. ఇంట్లో ఏమి నిండుకొన్నదో ఆడవారికే ముందు తెలుస్తుంది. ఆమె ప్రక్కన వంటశాల గుమ్మంలో మీరు నిలబడినట్లు అనుకోండి. 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు చేర్చిన వెలుగు రహస్యములలో ఈ కానా ఘట్టం ఉన్నది. పెదవులు పాత జపమే చెబుతుంటాయి. కన్ను మాత్రం కొత్తగా చూస్తుంది.

రెండవది సువిశేషము. నాలుగింటిలో చిన్నది మార్కు వ్రాసినది, 16 అధ్యాయములు. రోజుకు పన్నెండు వచనాల చొప్పున రెండు నెలల లోపల పూర్తవుతుంది. కళ్ళు సరిగా కనబడకపోతే మనుమరాలిని చదవమనండి. చదివిన తరువాత ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈయన ఎటువంటివాడు? ఎవరి మీద జాలిపడ్డాడు, ఎవరి మీద కోపగించాడు, ఎప్పుడు అలసిపోయాడు? మనిషిని ఎరిగేది ఇలాగే కదా. సాలెస్ గురువుగారు మరొక చిట్కా చెప్పారు. తోటలో తిరిగి వచ్చేవారు ఒకటి రెండు పూలు చేతబట్టుకొని రోజంతా వాసన చూసుకొన్నట్లు, ధ్యానంలో నచ్చిన ఒక్క మాటను వెంట తీసుకొనిపొమ్మన్నారు. అది మన ఆడవారికి కష్టం కాదు. జడలో పువ్వు పెట్టుకొని పనిలో పడినవారికి ఆ పువ్వు గుర్తుండదు, వాసన మాత్రం వెంటే ఉంటుంది.

మూడవది పడుకొనే ముందు అయిదు నిమిషాలు. పునీత ఇగ్నాసివారు (1491–1556) నేర్పిన ఆత్మపరిశీలన ఇది. ఆయన తప్పుల లెక్కతో మొదలుపెట్టలేదు, కృతజ్ఞతతో మొదలుపెట్టారు. ఈ రోజు నాకు అందిన మంచి ఏమిటి, అది ఎవరి చేతి మీదుగా వచ్చినది, ఏ క్షణంలో నేను ముఖం తిప్పుకొన్నాను, రేపటికి ఏమి కావాలి? ఇది కంఠస్థం చేసిన మాటలతో కుదరదు. సొంత మాటలు కావాలి. భర్తగారికి రాత్రి అన్నం వడ్డిస్తూ ఆనాటి సంగతులు చెప్పేవారు కదా, ఆ భాష చాలు. ఫిర్యాదు ఉంటే అదీ చెప్పండి. మొదటి వారం రోజులు గోడతో మాట్లాడినట్లు ఉంటుంది. ఉండనివ్వండి.

నాలుగవది దివ్యసత్ప్రసాదము. ఎమ్మావు త్రోవలో ఇద్దరు శిష్యులు దారి పొడుగునా యేసుతోనే నడుస్తూ ఆయన్ను గుర్తుపట్టలేదు. రొట్టె విరిచి ఇచ్చినప్పుడు గుర్తుపట్టారు. కతోలికునికి దేవునితో స్వయంగా పరిచయం అంటే మొదట ఇదే. ఆయన మాట వినటమే కాదు, ఆయన్ను ఆహారంగా స్వీకరించటము. ఇంతకంటె దగ్గర ఏమున్నది? కాని వరుసలో వెళ్ళి స్వీకరించి, చోటుకు తిరిగి వచ్చేసరికే పొయ్యి మీది కూర గుర్తుకు వస్తుంది. అందుచేత ఆ తరువాతి మూడు నిమిషాలు కాపాడుకోండి. పుస్తకం మూసి, కళ్ళు మూసి, "వచ్చారా" అని పలకరించండి. ఇంటికి వచ్చిన చుట్టాన్నయినా పలకరిస్తాము కదా.

ఇక కుమారుని మాట. అతనితో వాదించవద్దు. మొదట అతని మార్పుకు సంతోషం తెలుపండి. అది అతడు ఎదురుచూస్తున్న మాట. తరువాత నెమ్మదిగా, స్పష్టంగా చెప్పండి. నేను మళ్ళీ బాప్తిస్మం తీసుకోను, అన్నమ్మ పటం తీయను, ఎందుకంటే ఆ పటంలో ఒక తల్లి తన బిడ్డకు దేవుని మాట నేర్పుతున్నది, నేనూ నీకు అదే చేయదలచుకొన్నాను అని చెప్పండి. ఆ పటాన్ని దేవుడని మీరు ఏనాడూ అనుకోలేదని అతనికీ తెలుసు. ఆపైన, వారానికి ఒక రాత్రి కలిసి మార్కు సువిశేషము చదువుదామని అడగండి. అది మీ ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి. అతడు తన మాటలలో ప్రార్థిస్తాడు, మీరు మీ మాటలలో ప్రార్థిస్తారు. అతని పద్ధతి కతోలికులకు పరాయిది కూడా కాదు. 1967లో అమెరికాలోని పిట్స్‌బర్గు నగరంలో దుకేన్ విశ్వవిద్యాలయపు కతోలికుల మధ్య మొదలైన పరిశుద్ధాత్మ నూతనీకరణ ఉద్యమం చాలా దేశాలకు వ్యాపించినది. చప్పట్లు, సొంత మాటల ప్రార్థన, చేతులుంచి ప్రార్థించటం అందులోనూ ఉన్నవి. ఈ సంగతులన్నీ మీ విచారణ గురువుగారితో కూర్చొని ఒకసారి మాట్లాడటం మంచిది. పాపసంకీర్తనానికి వెళ్ళినప్పుడు వెనుక వరుస ఉన్నదని తొందరపడకుండా, వేరే సమయం అడిగి తీసుకోండి.

ఒక్క జాగ్రత్త. అతడు మళ్ళీ ఏనాడైనా సీసా పట్టుకొంటే, "చూశావా, మీ మందిరం ఇంతే" అన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. ఆ మాట అన్ననాడు పోయేది మందిరం పరువు కాదు, బిడ్డ.

సమరియా స్త్రీ బావి దగ్గర యేసును కలుసుకొని ఊరిలోకి పరుగెత్తి అందరికీ చెప్పినది. ఊరివారు మొదట ఆమె మాట మీద నమ్మారు. రెండు రోజులు ఆయన్ను తమ దగ్గర ఉంచుకొన్న తరువాత, ఇక నీ మాటను బట్టి కాదు, మేమే విని తెలుసుకొన్నామని ఆమెతో అన్నారు. వినికిడి లేకుండా వారు బావి దాకా వచ్చి ఉండరు. వినికిడితోనే ఆగి ఉంటే ఎరుక కలిగి ఉండదు. మధ్యలో ఉన్నది ఆ రెండు రోజుల సహవాసము. అక్కగారికి వినికిడి ఇచ్చినవారు ఆమె తల్లి, నాయనమ్మ, యానాం గుడి. వారికి దండం పెట్టి, మిగిలిన రెండు రోజుల పని ఆమె చేసుకోవాలి. వయసు దాటలేదు. పునీత అన్నమ్మ కూడా లేటు వయసులోనే తల్లి అయినదని పాత కథ చెబుతుంది.

ఇటువంటి చిక్కు ఎదురైన కుటుంబాలు, ఏ మతంవారైనా సరే, తమ ఇంట్లో ఏమి మేలు చేసినదో మన పత్రికకు వ్రాయవలసినదిగా కోరుతున్నాను. పేర్లు ప్రకటించము. వచ్చే నెల, ఆ ఉత్తరాలలో ఉపయోగపడేవాటిని ఇక్కడే చెప్పుకుందాము.